ఎదిగే వయసు, మారే రూపం: ఇంటివారి బాధ్యత

షరీఅత్ దృష్టిలో పిల్లల జీవితంలో ఒక స్పష్టమైన సరిహద్దు ఉంది. దాన్ని బులూగ్ అంటాము, అంటే యుక్తవయసుకు చేరటం. ఆ సరిహద్దు దాటేదాకా పిల్లల కర్మలను రాసే కలం ఎత్తబడి ఉంటుందని మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తెలియజేశారు. దాటిన తర్వాత నమాజు, రోజా, పరదా, హలాల్, హరామ్ల బాధ్యత ఆ బిడ్డ మీదే స్వయంగా పడుతుంది. ఇంత పెద్ద మలుపు దగ్గరకు మన బిడ్డ వచ్చిన రోజుల్లో మన ఇళ్ళలో వినబడే మాటలేమిటి? "ఏంటిరా ఇంత బక్కగా అయిపోయావు?" "దీని రంగు ఎవరి పోలికో!" "ముఖం నిండా ఆ మొటిమలేంటి?" "ఇక ఎత్తు పెరగవా నువ్వు?" నమాజు ఖజా అయిందా అని అడిగేవారికన్నా రంగు తగ్గిందని చెప్పేవారే ఎక్కువ.

దీన్ని చిన్న విషయమని కొట్టిపారేయటానికి వీల్లేదు. మస్జిదుకు క్రమంగా వెళ్ళే పిల్లవాడు హఠాత్తుగా ఇంట్లోనే వుజూ చేసుకుని వెళ్తానంటాడు. కారణం అడిగితే చెప్పడు. హౌజు దగ్గర చొక్కా చేతులు మోచేతుల పైకి మడిస్తే సన్నటి చేతులు చూసి తోటిపిల్లలు నవ్వుతున్నారు. కొన్నాళ్ళకు ఇంట్లో వుజూ కూడా మానేస్తాడు, జమాఅతు కూడా పోతుంది. ఛాతీ పెరుగుతున్న అమ్మాయి భుజాలు ముందుకు వంచి నడుస్తుంది, ఆటలు మానేస్తుంది, తరగతిలో లేచి నిలబడి జవాబు చెప్పటం మానేస్తుంది. మరో అమ్మాయి రమజానులో సహరీ తినకుండా పడుకుంటుంది. ఇంటివారు బద్ధకం అనుకుంటారు. ఆమె సన్నబడాలనుకుంటోంది. ఇవి మనం ఎరిగిన ఇళ్ళలోని సంగతులే.

శరీరంలో జరిగేదేమిటి?

మానవుణ్ణి అల్లాహ్ దశలు దశలుగా సృష్టించాడని దివ్యఖుర్ఆన్ చెబుతుంది (71:14). పసితనం నుంచి పూర్తి బలానికి చేరటాన్ని కూడా అది అల్లాహ్ శక్తికి నిదర్శనంగానే ప్రస్తావించింది (22:5). అంటే మధ్యలో వచ్చే ఈ తడబాటు దశ కూడా ఆయన నియమించినదే.

ఈ మార్పులు బాలికలలో సాధారణంగా 8 నుంచి 13 ఏళ్ళ మధ్య, బాలురలో 9 నుంచి 14 ఏళ్ళ మధ్య మొదలవుతాయి. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరిలో ఒకడికి మీసం వచ్చి, మరొకడు ఇంకా చిన్నపిల్లవానిలా కనబడటానికి కారణం ఇదే. ఇద్దరిలో ఎవరికీ లోపం లేదు. ఆడపిల్లలు మగపిల్లలకన్నా సుమారు రెండేళ్ళు ముందు ఎత్తు పెరుగుతారు. అందుకే ఏడు, ఎనిమిది తరగతుల్లో చాలామంది ఆడపిల్లలే పొడుగ్గా కనబడతారు. శరీరమంతా ఒక్కసారిగా పెరగదు. ముందు పాదాలు, చేతులు, తర్వాత కాళ్ళు, ఆఖరున నడుము పైభాగం పెరుగుతాయి. కొంతకాలం పిల్లవాడు కాళ్ళూ చేతులూ తనవి కానట్టు తిరుగుతాడు. గ్లాసు జారిపోతుంది, గడప తగులుతుంది. తిట్టవలసిన పని లేదు.

చర్మంలోని నూనె గ్రంథులు ఎక్కువగా పనిచేయటం వల్ల మొటిమలు వస్తాయి. ముఖం కడుక్కోకపోవటం వల్ల వచ్చే మురికి రోగం కాదది. కంఠంలోని స్వరపేటిక పెద్దదవటం వల్ల మగపిల్లల గొంతు పగులుతుంది. ఖుర్ఆన్ మధురంగా పఠించే పిల్లవాడు ఈ కాలంలో సిగ్గుపడి పఠనం మానేస్తే, ఇది కొద్ది నెలల సంగతని ఉస్తాదు చెప్పాలి. మగపిల్లలలో సగం మందికి ఏదో ఒక సమయంలో రొమ్ము కింద చిన్న గడ్డలా ఉబ్బుతుంది. ఎక్కువమందిలో అది రెండేళ్ళ లోపు తనంతట తానే తగ్గిపోతుంది. ఈ ఒక్క మాట తెలియక ఎంతమంది కుర్రాళ్ళు రాత్రులు కుమిలిపోతారో చెప్పలేము, ఎందుకంటే వాళ్ళు ఎవరికీ చెప్పరు. అమ్మాయిలలో రెండు వైపులా సమానంగా పెరగకపోవటం, తుంటి దగ్గర కొవ్వు చేరటం, మొదటి రెండేళ్ళు రుతుక్రమం సరిగ్గా రాకపోవటం మామూలే. ఆ కొవ్వు ఆరోగ్యం కోసం శరీరం కూడబెట్టుకున్నది. దాన్ని ఆకలితో కరిగించాలనుకోవటం శరీరానికి అన్యాయం చేయటమే.

ఈ మాటలు ఎవరు చెప్పాలి? తల్లి కూతురికి, తండ్రి కొడుకుకు చెప్పాలి. మనలో చాలామందికి సిగ్గు అడ్డు వస్తుంది. సిగ్గు విశ్వాసంలో భాగమే, సందేహం లేదు. అయితే ధర్మ విషయాలు తెలుసుకోవటానికి సిగ్గును అడ్డు రానివ్వలేదని హజ్రత్ ఆయిషా (రజి) అన్సార్ స్త్రీలను ప్రశంసించారు. హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) స్త్రీకి గుసుల్ ఎప్పుడు విధి అవుతుందో మహాప్రవక్త (స) సన్నిధికి వచ్చి సూటిగా అడిగారు. ఆయన సూటిగానే జవాబిచ్చారు. మన బిడ్డలు అదే ప్రశ్న అడిగితే మనం కసురుకుంటున్నాము. అప్పుడు వాళ్ళు ఫోనును అడుగుతారు.

ఒక బాలిక, ఒక ప్రయాణం

హిజ్రీ 7లో ఖైబర్ దండయాత్ర సందర్భంగా బనూ గిఫార్ తెగ స్త్రీలు గాయపడినవారికి సేవ చేయటానికి బయలుదేరారు. వారిలో చిన్న వయసు అమ్మాయి ఒకతె ఉంది. మహాప్రవక్త (స) ఆమెను తన వాహనం మీద వెనుక, సామాను సంచి పైన కూర్చోబెట్టుకున్నారు. తెల్లవారి దిగినప్పుడు సంచి మీద రక్తపు మరక కనబడింది. ఆమెకు అదే మొదటి రుతుస్రావం. సిగ్గుతో ముడుచుకుని ఒంటెకు అతుక్కుపోయింది. ఆయన (స) అది గమనించారు. బహుశా నీకు రుతుస్రావం వచ్చి ఉంటుందని మెల్లగా అన్నారు. నిన్ను నువ్వు సర్దుకో, గిన్నెలో నీళ్ళు తీసుకుని కొంచెం ఉప్పు వేసి మరక కడుగు, తర్వాత మళ్ళీ వచ్చి కూర్చో అని చెప్పారు. ఖైబర్ జయించాక ఆమెకు ఒక హారం ఇచ్చి తన చేతులతో ఆమె మెడలో వేశారు. ఆమె జీవితాంతం ఆ హారం తీయలేదు. తనతోపాటే దాన్ని ఖననం చేయమని చెప్పి మరణించారు. ఈ ఉల్లేఖనం సీరత్ గ్రంథాలలోనూ, సుననె అబూ దావూద్‌లోనూ ఉంది. దీని సనదులో బలహీనత ఉందని హదీసువేత్తలు అన్నారు, ఆ సంగతి దాచనవసరం లేదు. దీని నుంచి మనం షరీఅత్ ఆదేశం తీయటం లేదు. మహాప్రవక్త (స) సౌశీల్యం ఎటువంటిదో సహీహ్ హదీసులు చెప్పినదానికి ఇది అనుగుణంగానే ఉంది.

ఆ అమ్మాయి స్థానంలో మన కూతుర్ని ఉంచి చూద్దాం. పెళ్ళిలోనో, ప్రయాణంలోనో బట్టలకు మరక అయితే మన మొదటి మాట ఏమిటి? "చూసుకోవద్దా?" అంటాము. ఉప్పు, నీళ్ళు అనే పరిష్కారం తర్వాత వస్తుంది, లేదా రానే రాదు.

సన్నటి కాళ్ళు, పొట్టి రూపం

హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్ఊద్ (రజి) మిస్వాక్ పుల్లల కోసం అరాక్ చెట్టు ఎక్కారు. గాలికి ఆయన దుస్తులు కదిలి పిక్కలు కనబడ్డాయి. చాలా సన్నటివి. అక్కడివారు నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారని మహాప్రవక్త (స) అడిగారు. ఆయన కాళ్ళ సన్నదనం చూసి అన్నారు. అప్పుడు ఆయన ప్రమాణం చేసి, ప్రళయదినాన త్రాసులో ఆ రెండు కాళ్ళు ఉహద్ కొండకన్నా బరువుగా ఉంటాయని చెప్పారు (ముస్నద్ అహ్మద్). ఇక్కడ ఒక సంగతి గమనించాలి. నీ కాళ్ళేమీ సన్నగా లేవులే అని ఆయన ఓదార్చలేదు. కాళ్ళు సన్నగానే ఉన్నాయి. ఏ త్రాసులో తూచాలో మార్చి చెప్పారు. ఖుర్ఆన్ నలుగురి వద్ద నేర్చుకోమని చెప్పినప్పుడు ఆ నలుగురిలో ఈ సన్నటి కాళ్ళ మనిషినీ పేర్కొన్నారు. కూఫా నగరంలో ఆయన నేర్పిన విద్యే తరతరాలుగా సాగి ఇమామ్ అబూ హనీఫా (రహ్) దాకా వచ్చింది. మన ఊళ్ళలో ఎక్కువమంది నమాజు చదివే పద్ధతి ఆ పరంపర నుంచి వచ్చినదే. హౌజు దగ్గర చేతులు మడవటానికి సిగ్గుపడే కుర్రవాడికి ఈ సంగతి ఎవరైనా చెప్పారా?

ఎత్తు గురించి బాధపడే పిల్లలు ఆ కాలంలోనూ ఉన్నారు. ఉహద్ రోజున సైన్యంలో చేరాలని వచ్చిన పిల్లల్లో హజ్రత్ రాఫె బిన్ ఖదీజ్ (రజి) ఎత్తుగా కనబడాలని మునివేళ్ళ మీద నిలబడ్డారని సీరత్‌కారులు రాశారు. ఆయన మంచి విలుకాడని తెలిసి అనుమతించారు. అప్పుడు హజ్రత్ సమురా (రజి), నేను రాఫెను కుస్తీలో పడగొట్టగలనన్నారు, పడగొట్టి చూపి అనుమతి పొందారు. అదే ఉహద్‌లో హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి)కు 14 ఏళ్ళని వెనక్కి పంపారు, ఖందక్ నాటికి 15 నిండాక అనుమతించారు. వెనక్కి పంపటంలో అవమానం లేదు. సమయం రాలేదు, అంతే.

హజ్రత్ జులైబీబ్ (రజి) రూపం అంతగా లేనివారు. ఆయనకు పిల్లనివ్వమని మహాప్రవక్త (స) ఒక అన్సారీ కుటుంబాన్ని అడిగితే ఆ తల్లి ఒప్పుకోలేదు. లోపలి నుంచి విన్న కూతురే, దైవప్రవక్త మాటను తిరస్కరిస్తారా, నన్ను ఇవ్వండి అంది. తర్వాత ఒక యుద్ధం ముగిశాక ఎవరైనా కనబడటం లేదా అని ఆయన అడిగినప్పుడు జనం పేర్లు చెప్పారు కానీ జులైబీబ్ పేరు ఎవరికీ గుర్తు రాలేదు. నాకు జులైబీబ్ కనబడటం లేదని ఆయనే అన్నారు. వెదికితే, తాను హతమార్చిన ఏడుగురి పక్కన ఆయన భౌతికకాయం దొరికింది. మహాప్రవక్త (స) దాన్ని తన ముంజేతుల మీద ఎత్తుకున్నారు, సమాధి తవ్వేదాకా ఆ చేతులే ఆయనకు పాడె అయ్యాయి (సహీహ్ ముస్లిం). మరొకరు పల్లెవాసి హజ్రత్ జాహిర్ (రజి). ఆయనా అందగాడు కారు. బజారులో సరుకు అమ్ముకుంటుంటే మహాప్రవక్త (స) వెనుక నుంచి వచ్చి కౌగిలించుకున్నారు. ఈయనను కొనేవారెవరని పరిహాసమాడితే, నన్ను అమ్మితే ధర రాదని జాహిర్ అన్నారు. అల్లాహ్ వద్ద నీ విలువ తక్కువ కాదని ఆయన జవాబిచ్చారు. పరిహాసం ఇస్లాంలో ఉంది. ఇక్కడ పరిహాసం ఎక్కడికి చేరిందో చూడండి. మనది ఎక్కడికి చేరుతోందో కూడా చూసుకోవాలి.

లావుగా ఉన్నామని కుమిలిపోయే అమ్మాయిలకు హజ్రత్ సౌదా (రజి) గురించి చెప్పాలి. ఆమె భారీ శరీరం గల స్త్రీ, నడక నిదానం. హజ్ సమయంలో ముజ్దలిఫా నుంచి జనసందోహానికి ముందే వెళ్ళటానికి అనుమతి అడిగితే మహాప్రవక్త (స) ఇచ్చారు. ఆమె బరువును ఎత్తిచూపలేదు, ఆమెకు వెసులుబాటు కల్పించారు. హజ్రత్ ఆయిషా (రజి) ఏమన్నారో తెలుసా? ఎవరి చర్మంలోనైనా నేనుండాలని కోరుకుంటే అది సౌదా చర్మమే అన్నారు (సహీహ్ ముస్లిం).

నాలుకల సంగతి

ఇంట్లో ముద్దుపేర్లు అని మనం చెప్పుకునేవాటిలో సగం గాయాలే. కాలీ, మోటీ, లంబూ, బక్కోడు, పొట్టోడు. ఒకరినొకరు ఎగతాళి చేయవద్దని, ఎత్తిపొడవవద్దని, చెడ్డ పేర్లతో పిలవవద్దని సూరె హుజురాత్ (49:11) ఒకే ఆయత్‌లో వారించింది. అందులో పురుషులను విడిగా, స్త్రీలను విడిగా సంబోధించింది. తెలిసిన ఆయత్ కాబట్టి పైపైన దాటిపోతాము.

హజ్రత్ ఆయిషా (రజి) ఒకసారి హజ్రత్ సఫియ్యా (రజి) పొట్టిగా ఉంటారన్న అర్థం వచ్చేలా ఒక మాట అన్నారు. ఆ మాటను సముద్రంలో కలిపితే సముద్రపు నీరే మారిపోతుందని మహాప్రవక్త (స) హెచ్చరించారు (అబూ దావూద్, తిర్మిజీ). ఇద్దరూ ఆయన భార్యలే, ఇద్దరూ విశ్వాసుల తల్లులే. అయినా ఊరుకోలేదు. దావతులో దస్తర్‌ఖాన్ దగ్గర ఖాలా, ఫుప్పు కలిసి పదమూడేళ్ళ అమ్మాయి రంగు గురించి, "ఈమెకు సంబంధం దొరకాలంటే జోడా రకమ్ ఎక్కువే ఇవ్వాలి" అని అందరి ముందూ అంటుంటే ఆ తల్లి నవ్వి ఊరుకోవటం మర్యాద అనిపించుకోదు. "ఆపా, బిడ్డ ముందు ఆ మాట వద్దు" అనటానికి ఒక్క నిమిషం పడుతుంది. ఆ నిమిషం బిడ్డ గుర్తుంచుకుంటుంది. అసలు వధువు రంగుకు వెల కట్టే ఈ లేన్‌దేన్ ఆచారం ఎక్కడి నుంచి వచ్చింది? మహర్ ఇచ్చి పెళ్ళాడమన్న ధర్మంలో దానికి చోటే లేదు. రంగుల, భాషల భేదాన్ని అల్లాహ్ తన సూచనల్లో ఒకటిగా పేర్కొన్నాడు (30:22). ఆ సూచననే మనం బేరసారాల్లో లోపంగా లెక్కగడుతున్నాము.

ఫోను గురించి రెండు మాటలు. 2021లో బయటపడిన ఫేస్‌బుక్ సంస్థ సొంత పరిశోధన పత్రాలలో, తమ శరీరం పట్ల అసంతృప్తి కలిగినప్పుడు ఇన్‌స్టాగ్రామ్ దాన్ని మరింత పెంచిందని టీనేజీ అమ్మాయిల్లో 32 శాతం మంది చెప్పినట్టు ఉంది. ఫిల్టరులో నున్నగా చేసిన ముఖంతో పోల్చుకుంటే ఎవరికైనా తమ ముఖం నచ్చదు. చూపు దించుకోమన్న ఆదేశాన్ని ఈ కోణంలో కూడా పిల్లలకు బోధించవచ్చు.

అలంకరణ హద్దులు

రూపం గురించి పట్టించుకోకూడదని దీని అర్థం కాదు. అల్లాహ్ అందమైనవాడు, అందాన్ని ఇష్టపడతాడు. జుట్టు ఉన్నవారు దాన్ని గౌరవించాలని, గోళ్ళు, చంకలోని వెంట్రుకలు, నాభి కింది వెంట్రుకలు 40 రోజులకు మించి వదలకూడదని మహాప్రవక్త (స) ఉపదేశించారు. చెమట వాసన కొత్తగా మొదలయ్యే ఈ వయసులో పిల్లలకు ఇది మొదట నేర్పాలి. శుభ్రత వారికి ధైర్యాన్నిస్తుంది.

పచ్చబొట్టు పొడిపించుకోవటం, అందం కోసం పళ్ళ మధ్య సందు చేయించుకోవటం, కనుబొమలు పీకించుకోవటం గురించి హదీసులలో తీవ్రమైన మందలింపు ఉంది. అయితే చికిత్స వేరు. హజ్రత్ అర్ఫజా (రజి) ముక్కు యుద్ధంలో తెగిపోయింది. వెండి ముక్కు పెట్టించుకుంటే దుర్వాసన వచ్చింది. పురుషులకు బంగారం నిషిద్ధమైనా, బంగారు ముక్కు పెట్టించుకోమని మహాప్రవక్త (స) ఆయనకు చెప్పారు. కాబట్టి వంకర పళ్ళకు క్లిప్పులు, మొటిమలకు చర్మవైద్యుని మందు, గ్రహణం మొర్రికి శస్త్రచికిత్స సృష్టిని మార్చటం కిందకు రావు. పై పెదవి మీద వెంట్రుకలు వచ్చిన అమ్మాయిలు తీసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. స్త్రీకి మీసం, గడ్డం వస్తే తొలగించటం మంచిదేనని ఇమామ్ నవవీ (రహ్) రాశారు, హనఫీ పండితులూ అనుమతించారు. దాంతోపాటు రుతుక్రమం కూడా చాలాకాలంగా తప్పుతుంటే వైద్యురాలికి చూపించాలి.

తెల్లబడే క్రీముల గురించి గట్టిగా చెప్పాలి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే అనేక క్రీములలో బీటామెథాసోన్, క్లోబెటాసాల్ వంటి స్టీరాయిడ్లు ఉంటాయి. మొదటి నెల రంగు వచ్చినట్టుంటుంది. తర్వాత చర్మం పలచబడి ఎర్రబారుతుంది, మొటిమలు పెరుగుతాయి, ముఖం మీద వెంట్రుకలు మొలుస్తాయి, మానేస్తే మంట పుడుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి 14 స్టీరాయిడ్ మందులను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని ఆదేశించింది. అయినా తల్లులే తెచ్చి ఇస్తున్నారు. శరీరం అమానతు. వ్యాయామశాలలో ఎవరో ఇచ్చిన సూదిమందు పొడిపించుకునే కుర్రాళ్ళకూ ఇదే మాట.

తిండి విషయం కూడా అంతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. ఈ పరిస్థితిలో అన్నం మానటం సన్నబడటం కాదు, జబ్బుపడటం. సహరీలో శుభం ఉందని మహాప్రవక్త (స) చెప్పారు, దాన్ని వదులుకోకూడదు. రోజా అల్లాహ్ కోసం ఉండేది. బరువు తగ్గే సంకల్పంతో ఉన్న రోజా ఎవరి కోసమో ఆ అమ్మాయే ఆలోచించుకోవాలి.

పిల్లలకు ఒక దుఆ నేర్పండి: నా రూపాన్ని చక్కగా చేసినట్టే నా నడవడినీ చక్కగా చేయమని అల్లాహ్‌ను వేడుకునే దుఆ. ముస్నద్ అహ్మద్‌లో ఉంది. అద్దం చూసినప్పుడే చదవాలన్న ఉల్లేఖనాలు బలహీనమైనవి. ఎప్పుడైనా చదువుకోవచ్చు.

వైద్యులకు ఎప్పుడు చూపించాలి?

అమ్మాయికి 13 ఏళ్ళు నిండినా ఛాతీ పెరుగుదల మొదలుకాకపోతే, 15 ఏళ్ళకూ రుతుస్రావం రాకపోతే, అబ్బాయికి 14 ఏళ్ళు నిండినా ఏ మార్పూ లేకపోతే చూపించాలి. అమ్మాయికి 8 ఏళ్ళలోపు, అబ్బాయికి 9 ఏళ్ళలోపు మార్పులు మొదలైనా చూపించాలి. సంబంధాలు చెడిపోతాయని దాచకూడదు. చికిత్స చేయించుకోమని మహాప్రవక్త (స) ఆదేశించారు. అమ్మాయికి సిగ్గయితే వైద్యురాలి దగ్గరకే తీసుకెళ్ళండి, తల్లి పక్కన ఉండండి.

తిన్నది కావాలని కక్కుకోవటం, వేగంగా బరువు తగ్గటం, రెండు వారాలకు పైగా ఎవరితోనూ మాట్లాడకుండా ముడుచుకుపోవటం, బతకాలని లేదనటం, చేతిమీద గాట్లు పెట్టుకోవటం కనబడితే ఆలస్యం చేయకూడదు. జిన్ను పట్టిందనో, ఈమాను తక్కువైందనో నిందించవద్దు. దుఆ చేయండి, వైద్యునికీ చూపించండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లలు తామే చేసుకోవచ్చు, తల్లిదండ్రులూ చేయవచ్చు.